డౌలా పని మంత్రసాని పని కాదమ్మా

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో సైకాలజీతో డిగ్రీ పూర్తి చేసింది. ఇప్పుడు డౌలా కోర్సు, అంటే కాన్పు సమయంలో తల్లికి తోడుండే పని నేర్పే కోర్సు చేస్తానంటోంది. చదివి చదివి మంత్రసాని పనా అని వాళ్ల నాన్న గొడవ. దీన్ని నమ్ముకుని బతకొచ్చా? – ఒక తల్లి

జవాబు: ముందు వాళ్ల నాన్నగారికి ఒక మాట చెప్పండి. మంత్రసాని పురుడు పోస్తుంది, డౌలా పోయదు. బీపీ చూడడం, మందులివ్వడం, లోపల పరీక్ష చేయడం కూడా ఆమె పని కాదు. అవన్నీ డాక్టర్లు, నర్సులు చూసుకుంటారు. నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ పుట్టేదాకా డౌలా తల్లిని వదలకుండా ఉంటుంది. నడుం ఒత్తుతుంది, నాలుగడుగులు నడిపిస్తుంది, నొప్పి వచ్చినప్పుడు ఊపిరి ఎలా తీసుకోవాలో పక్కనుండి చెబుతుంది. డాక్టరు మాట అర్థం కాకపోతే మళ్లీ అడగమని ధైర్యమిస్తుంది. ఒకప్పుడు మన ఇళ్లల్లో అమ్మమ్మలు, పిన్నమ్మలు చేసిందే ఇది. కాన్పులు ఆసుపత్రులకు మారాక వాళ్లు లేబర్ రూమ్ తలుపు బయటే ఆగిపోయారు.

ఆ తోడుకు విలువ ఉంది. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 26 అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి సమీక్షలో, నిరంతరం తోడున్న తల్లులకు సిజేరియన్లు తగ్గాయని తేలింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. కాబట్టి అవసరం బోలెడంత. కానీ అవసరం ఉన్నచోటల్లా జీతం ఉండదు.

నోటిఫికేషన్, ఇంక్రిమెంట్ ఉండే ఉద్యోగం కాదిది. నర్సులకున్నట్టు డౌలాలకు ఇక్కడ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేదు. కాన్పుకింత అని తీసుకుంటారు. ఒక నెల రెండొస్తాయి, ఒక నెల ఒక్కటీ రాదు. పెళ్లి భోజనానికి కూర్చున్నా, ఫోన్ మోగితే విస్తరి ముందు నుంచి లేవాల్సిందే. పైగా డౌలాను లోపలికి రానిచ్చే ఆసుపత్రి ఉండాలి. అలాంటివి హైదరాబాద్‌లో దొరికినంతగా మీ దగ్గర దొరకవు. ఫీజు కట్టేముందే నాలుగు ఆసుపత్రుల్లో కనుక్కోండి.

స్వయంగా కాన్పు చేయాలనుంటే దారి వేరు. మళ్లీ నర్సింగ్ నుంచి మొదలుపెట్టి, ఆపైన 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ తీసుకోవాలి. సైకాలజీ చదివిన పిల్లకు ఆ చుట్టుతిరుగుడు ఎందుకని నాకనిపిస్తుంది. ఎమ్మెస్సీ సైకాలజీలో చేరి, గర్భిణులకు, బాలింతలకు కౌన్సెలింగ్ వైపు వెళ్లమనండి. డౌలా శిక్షణ దానికి తోడుగా పెట్టుకుంటే ఇల్లు గడవడానికి ఒక ఆధారం ఉంటుంది.

ఈలోపు బంధువుల్లో ఎవరికైనా పురుడు దగ్గరపడితే, వాళ్లూ ఆసుపత్రీ ఒప్పుకుంటే, ఒక రాత్రంతా తోడు కూర్చోనివ్వండి. తెల్లారాక కూడా ఇదే చేస్తానంటే అప్పుడు కోర్సు మాట మాట్లాడుకోవచ్చు.