జిగురు డబ్బా తర్వాత తెరుద్దువు గానీ

మధురవాడ, విశాఖపట్నం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మీ అరకు టర్ఫ్, అదే ఆ ప్లాస్టిక్ గడ్డి క్రికెట్ పిచ్, ఫోటోలు చూశాను. బౌలింగ్ వైపు రెండు ముక్కలు కలిసే జాయింట్ విడింది, మూలన పాచి పట్టింది, నెట్ పక్కన రెండుచోట్ల కాలింది. ‘జిగురు పంపు మావయ్యా, ఈ ఆదివారం అంటించేస్తాను’ అన్నావు. డబ్బా పంపుతాను గానీ ఆదివారం మాత్రం మూత తియ్యకు. ముందు నీళ్ళెక్కడి నుంచి వస్తున్నాయో చూడు.

ఇక్కడ మా టర్ఫ్‌కి ఎండతోనూ ఉప్పుగాలితోనూ గొడవ. మే నెల మధ్యాహ్నం దాని మీద ఒట్టికాలు పెట్టలేం, నెట్ పోళ్ళు చూస్తుండగానే తుప్పెక్కుతాయి. అరకు లెక్క వేరు. చల్లగా ఉందని ఎండ తక్కువనుకునేవు, వెయ్యి మీటర్లు పైకెళ్తే అతినీలలోహిత కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి. మీ ఊరు 900 మీటర్ల పైమాటే కదా. కానీ పోచలు పెళుసెక్కడానికి ఏళ్ళు పడుతుంది. నీ కొంప ముంచేది వాననీరు, అది మోసుకొచ్చే ఎర్రమట్టి.

మీ గట్టు మీంచి దిగే మట్టి, పోచల మధ్య పోసిన ఇసుకలోకి, రబ్బరు గుళికల్లోకి ఇంకి అట్టులా గట్టిపడుతుంది. కార్పెట్ అడుగునున్న చిల్లులు మూసుకుపోతాయి. నీరు నిలబడితే పాచి, తడి ఆరకపోతే జాయింట్ కింద జిగురు వదిలెయ్యడం. నీకు మూడు జబ్బులు కనిపిస్తున్నాయి గానీ కాలిన మచ్చలు తీసేస్తే మిగతా రెండూ ఒకటే జబ్బు. బకెట్ నీళ్ళు ఒకేచోట గుమ్మరించి చూడు. మంచి టర్ఫ్ గటగటా తాగేస్తుంది, మట్టి పట్టినది మడుగు కట్టి నీ మొహమే నీకు చూపిస్తుంది. మడుగు కట్టిన చోటల్లా గట్టి బ్రష్‌తో పైపొర కదిపి, పాత ఇసుక తీసి, కొత్తది పొయ్యాలి. గట్టు వైపు అడుగు లోతున కాలువ తవ్వించు, అది టర్ఫ్‌ని చుట్టుకుని దిగువకి పోవాలి. సిల్వర్ ఓక్ ఆకులు ఆ కాలువని వారంలో పూడ్చేస్తాయి, కాబట్టి తవ్వించి మర్చిపోకు. దిగువన కాలువ నోటికి సన్న జాలీ కట్టు. రబ్బరు గుళికలు సెలయేట్లోకి పోకూడదు, పైగా అవి నీ డబ్బులు.

ఇక జాయింట్. అయిదేళ్ళ కిందట మీ కొండ మీదే ఒక చోట నన్ను పిలిచారు. తెల్లారి ఏడింటికల్లా పని మొదలెట్టాను, మధ్యాహ్నం బండికి దిగిపోదామని. పొగమంచు ఇంకా విడలేదు. రెండు డబ్బాల జిగురు కలిపి పూశాను. పావుగంటకి అది పులిసిన దోసెపిండిలా బుడగలు బుడగలుగా పొంగింది. ఆ పాలియురేథేన్ జిగురుకి తడి తగిలితే గ్యాస్ పుడుతుంది, అది నాకు తెలియనిదీ కాదు, తొందర. జాయింట్ పొడుగునా గూనిలా గట్టిపడితే కటర్‌తో కోసి పారేశాను. బండీ పోయింది, పరువూ పోయింది.

అందుకని నువ్వు పదకొండు దాటాక, అరచేత్తో తడిమి పొడిగా ఉందనిపించాకే మొదలెట్టు. విడిన చోట అటు జానెడు ఇటు జానెడు ఇసుక ఊడ్చి, అంచులు ఎత్తి, పాత జిగురు గీకెయ్యి. కింద కొత్త టేపు పరిచి, పళ్ళున్న తాపీతో జిగురు పల్చగా లాగు. అంచులు ఒకదానికొకటి ఆనాలి గానీ ఒకదాని మీదొకటి ఎక్కకూడదు. లోపల చిక్కిన పోచల్ని పుల్లతో పైకి తియ్యి. మీద ఇసుక బస్తాలు పెట్టి, ఒక రాత్రి గడిచేదాకా ఎవరినీ ఆడనివ్వకు. చలికి జిగురు ఆలస్యంగా పడుతుంది, డిసెంబరులో అయితే రెండు రాత్రులు.

ఇంకో మాట, చలికాలం పొద్దున్న జాయింట్‌లో గోరంత సందు కనిపిస్తే కంగారుపడకు. ప్లాస్టిక్ చలికి ముడుచుకుంటుంది, మధ్యాహ్నానికి మూసుకుంటుంది. సాయంత్రానికీ మూసుకోని సందే రోగం.

కాలినచోట్ల సంగతి నాకు ఫోటోలోనే అర్థమైంది. టూరిస్టులకి బొంగులో చికెన్, పక్కనే మంట, నిప్పురవ్వలు ఇటు. పోచలు కరిగి గడ్డకట్టాక చేసేదేం లేదు, ఆ ముక్క నలుచదరంగా కోసి కొత్తది వెయ్యాల్సిందే. పోచలు ఏ వైపు వాలాయో చూసి అటే వాలేలా పెట్టు, లేకపోతే దూరం నుంచి కూడా అతుకని తెలిసిపోతుంది. రంగు ఇంకో చిక్కు: కొత్త ముక్క పచ్చగా మెరుస్తుంది. అందుకే నేను నెట్ వెనక, ఎవరూ ఆడని మూల నుంచి పాత ముక్క కోసి మధ్యలో వేస్తాను. కొత్తది ఆ మూలకి పోతుంది. మీ అత్త దీన్ని దొంగ పని అంటుంది. మంటని మాత్రం గాలికి అడ్డం చూసి ఇరవై అడుగులైనా అవతలికి జరిపించు. ఓనరుతో గొడవైనా పర్వాలేదు.

పాచికి బ్లీచింగ్ పౌడర్ గుమ్మరించకు. ఎండిన రోజు ఊడ్చి, వెనిగర్ సగం నీళ్ళు సగం కలిపి చల్లి, కాసేపాగి కడిగెయ్యి. మూల మీద పడే కొమ్మ కొట్టించకపోతే నెలకల్లా మళ్ళీ వస్తుంది.

వారానికోసారి పోచల వాలుకి ఎదురు బ్రష్ లాగడం మానకు. క్రీజు దగ్గర ఇసుక తగ్గిందేమో అగ్గిపుల్ల గుచ్చి చూడు. పైన పోచ అంగుళంలో సగం కనిపిస్తే చాలు, అంతకన్నా ఎక్కువ కనిపిస్తే ఇసుక పొయ్యి. పొడి ఇసుకే సుమా, తడిది కిందికి దిగదు.

జిగురు, టేపు, మీ రోల్‌లో మిగిలిన ముక్క కిరండూల్ పాసింజర్‌లో పంపుతున్నాను. ముక్కని స్టోర్‌లో దాచకు, రేకుల మీద ఎండలో పరిచి ఉంచు. ఆట గడ్డితో పాటే అదీ వెలుస్తుంది. కాలువ తవ్వాక, వాన పడుతుండగా వీడియో తీసి పంపు. చూశాక జిగురు సంగతి ఫోన్లో చెప్తాను.

మీ మావయ్య