పాపకు రెండో ఒడి కావాలి, అది ఇప్పుడే

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. నిజాంపేటలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. పాపకు రెండేళ్ల నాలుగు నెలలు. నాకిప్పుడు ఏడో నెల. ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. మావారి ఆఫీసు గచ్చిబౌలిలో, ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర దాటుతుంది. ఈమధ్య పాప నన్ను అస్సలు వదలడం లేదు. స్నానానికి నేనే, అన్నానికి నేనే, నిద్రకీ నేనే కావాలి. డైపర్ మానేసిన పిల్ల మళ్లీ బట్టలు తడుపుకుంటోంది. ఎత్తుకోమని ఏడుస్తుంది, నాకేమో నడుం నొప్పి. మా అత్తయ్య ‘పెద్దదానివయ్యావు, ఇంకా చంకెక్కుతావా’ అంటారు, ప్లేస్కూల్లో వేసేయమంటారు. మొన్న విసుగొచ్చి వీపు మీద ఒక్కటి వేశాను. అది ఏడ్చుకుంటూ మళ్లీ నా దగ్గరికే వచ్చింది. ఆ రాత్రంతా నాకు ఏడుపు ఆగలేదు. రెండో బిడ్డను కని దీనికి అన్యాయం చేస్తున్నానా? మొదటి కాన్పు సిజేరియన్. మా అమ్మ మోకాళ్ల నొప్పులతో ఖమ్మం నుంచి రాలేని పరిస్థితి.

జవాబు: అన్యాయమేమీ చేయడం లేదు. కానీ మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కొట్టిన అమ్మ దగ్గరికే పాప తిరిగొచ్చింది. మీరంటే ప్రేమ కాబట్టి వచ్చింది, నిజమే. ఏడుపొస్తే వెళ్లడానికి ఆ ఇంట్లో ఇంకో ఒడి అలవాటు లేదు కాబట్టి కూడా వచ్చింది. మీ ఇద్దరి అలసటకీ మూలం అక్కడే ఉంది. పాపను తొందరపెట్టి పెద్దదాన్ని చేయక్కర్లేదు. కాన్పులోగా వాళ్ల నాన్న ఒడి అలవాటు చేయాలి.

ఈసారి కూడా ఆపరేషనే అయితే, కోలుకునే దాకా, అంటే దాదాపు ఆరు వారాలు, పుట్టిన బిడ్డ కంటే బరువైనదేదీ ఎత్తవద్దనే సాధారణంగా డాక్టర్లు చెబుతారు. అప్పుడు రాత్రి రెండింటికి పాప లేచి ‘అమ్మా’ అంటే మీరు లేవలేరు. ఆ రోజు హఠాత్తుగా నాన్న చేతికిస్తే, కొత్త బిడ్డ వచ్చి అమ్మను తీసేసుకుందని పాపకు అనిపిస్తుంది. ఆ అలవాటేదో ఇప్పుడే అయితే బిడ్డ రావడానికీ అమ్మ దూరమవడానికీ ముడి పడదు.

నిద్రతో మాత్రం మొదలుపెట్టకండి. నిద్రమత్తులో ఏ పిల్లయినా అమ్మనే అడుగుతుంది. ఆదివారం స్నానంతో మొదలుపెట్టండి. బకెట్, మగ్గు, నాలుగు బొమ్మలు వాళ్ల నాన్నకు ఇచ్చి, పాపను ఆయనకు అప్పగించి మీరు ఇంకో గదిలోకి వెళ్లిపోండి. పదిరోజుల్లో ఆ స్నానం నాన్నది అయిపోవాలి. తర్వాత రాత్రి అన్నం. అందుకు మీవారు వారంలో రెండు రోజులైనా ఇంటి నుంచి పనిచేయడమో, ట్రాఫిక్ ముదరకముందే బయల్దేరడమో చేయాలి. ‘కుదరదు’ అనేముందు ఒక్కసారి ఆఫీసులో అడిగి చూడమనండి. ఆయన కలిపిన పప్పన్నంలో నెయ్యి చాల్లేదని వంటింట్లోంచి కేకేయకండి. పిలకలు వంకరగా వేసినా వేయనివ్వండి. ప్రతిదానికీ దిద్దుతుంటే ఆయన రెండోరోజే పాపను మళ్లీ మీ చేతికిచ్చేస్తారు.

చివర్న నిద్ర. మొదటి కొన్ని రాత్రులు పాప గట్టిగా ఏడుస్తుంది. పక్క గదిలో ఉండి ఆ ఏడుపు వినడం మీకు చాలా కష్టం, తెలుసు. కానీ అది ఒంటరి ఏడుపు కాదు, నాన్న గుండెల మీద పడుకుని ఏడుస్తోంది. ఆయన ఏమనాలంటే, ‘అమ్మ కావాలి కదూ, నాకు తెలుసు. అమ్మ ఆ గదిలోనే ఉంది. నేను నీ దగ్గరే ఉంటాను.’ ‘ఏడిస్తే బూచాడొస్తాడు’ అని మాత్రం అననివ్వకండి.

ఎత్తుకోవడం గురించి మీ డాక్టర్‌ను అడగండి. బ్లీడింగ్, మాయ కిందికి ఉండటం లాంటివి ఉంటే అసలు ఎత్తకూడదు. ఏ ఇబ్బందీ లేకపోయినా నడుం నొప్పి ఉంది కాబట్టి మీరే కింద కూర్చుని ‘రా, ఒళ్లో కూర్చో’ అనండి. ‘పొట్టలో బేబీ ఉంది, దిగు’ అనకండి. ‘అమ్మకు నడుం నొప్పి’ అంటే చాలు, నిజం కూడా అదే. పుట్టకముందే ఆ బిడ్డ మీద ఫిర్యాదు తయారు చేయొద్దు.

మీ అత్తయ్యగారి మాటల విషయంలోనూ ఇదే చెబుతాను. ఆవిడకు మనవరాలంటే ప్రేమ లేదనుకోను. వాళ్ల కాలంలో చంటిదాన్ని అందుకోవడానికి పెద్దమ్మో, పిన్నో, పక్కింటావిడో ఉండేవారు. మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఎవరున్నారు? అయినా సరే, ‘పెద్దదానివయ్యావు’ అనే మాట ఆగాలి. లిఫ్టులో కలిసినవాళ్లు ‘తమ్ముడొస్తే నిన్నెవరు చూస్తారే? నీ బొమ్మలన్నీ వాడివే’ అని సరదాగా అంటారే, అది ఇంకా ఎక్కువగా ఆగాలి. రెండేళ్ల పిల్లకు సరదా అర్థం కాదు, వదిలేస్తారన్నదే అర్థమవుతుంది. ఎవరన్నా సరే అక్కడికక్కడే, పాప వినేలా, ‘మా పాపను ఎప్పుడూ చూస్తాం అండీ’ అనండి. అత్తయ్యగారికి మాత్రం మీరు కాదు, మీవారు చెప్పాలి. కొడుకు నెమ్మదిగా చెబితే అది గొడవ కాదు. పొద్దున మీ మీటింగుల వేళ పాపను కిందికి తీసుకెళ్లడం, పూలు కోయించడం లాంటి పని ఆవిడకు ఒప్పజెప్పండి. వద్దు అనిపించుకోవడం కంటే కావాలి అనిపించుకోవడం ఆవిడకూ బాగుంటుంది.

ప్లేస్కూల్లో వేస్తే ఈ వారమే వేయండి, కాన్పులోగా అలవాటు పడుతుంది. లేదంటే బిడ్డకు మూడో నెల వచ్చేదాకా ఆగండి. పాపకు వేరే మంచం అలవాటు చేయడానికీ అదే లెక్క. తడుపుకోవడం ఇలాంటప్పుడు మామూలే, తిట్టకుండా కొన్నాళ్లు మళ్లీ డైపర్ వేయండి. మూత్రానికి వెళ్తూ మంటని ఏడిస్తే మాత్రం పిల్లల డాక్టర్‌కు చూపించండి.

కొట్టినందుకు పాపకు సారీ చెప్పండి. ‘అమ్మ కొట్టకూడదు, తప్పు చేసింది’ అంటే ఆ వయసుకు అర్థమవుతుంది. మళ్లీ చెయ్యి లేవబోతుందనిపిస్తే పాపను ఇంట్లోవాళ్లకు అప్పగించి, ఎవరూ లేకపోతే నేల మీద కూర్చోబెట్టి, ఒక్క నిమిషం ఇంకో గదిలోకి వెళ్లండి.

రెండో కాన్పుకూ చట్టప్రకారం 26 వారాల ప్రసూతి సెలవు ఉంది. అందులో ఎనిమిది వారాల దాకా కాన్పుకు ముందే తీసుకోవచ్చు. కాన్పు దాకా ఈదాలని పంతం పట్టకండి. ప్రైవేటు ఉద్యోగాల్లో నాన్నలకు అలాంటి చట్టం లేదు, కంపెనీ ఇష్టం. మీవారిని హెచ్‌ఆర్‌తో ఇప్పుడే మాట్లాడమనండి.

ఆసుపత్రికి వెళ్లేరోజు పాప నిద్రపోతుంటే చెప్పకుండా వెళ్లిపోవద్దు. లేపయినా చెప్పి వెళ్లండి. ఆ రాత్రులు ఎవరి పక్కన పడుకుంటుందో ముందే పాపకు చెప్పి ఉంచండి. చిన్నపిల్లలను వార్డులోకి రానిస్తారో లేదో కనుక్కోండి. పాప మొదటిసారి గదిలోకి వచ్చేటప్పుడు బిడ్డ ఉయ్యాలలో ఉండాలి, మీ చేతులు ఖాళీగా ఉండాలి.

ఇక మీ గురించి. ఐరన్ మాత్రను టీతో, పాలతో వేసుకోకండి. కాల్షియం మాత్రతో కలిపి కూడా వద్దు. హిమోగ్లోబిన్ ఎంతుందో ఈ చెకప్‌లో అడగండి, నీరసంగా ఉన్నప్పుడు ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? ఒక్క రాత్రి ఏడ్చినందుకు కంగారు లేదు. రెండు వారాలుగా రోజూ ఏడుపొస్తున్నా, పాప పడుకున్నా మీకు నిద్ర పట్టకపోయినా మీ గైనకాలజిస్టుకు దాచకుండా చెప్పండి. బతకాలని లేదనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు మీవారి ఫోన్లో కూడా ఉంచండి. కాన్పయ్యాక మీకు ఫోన్ చేసే ఓపిక లేకపోతే ఆయన చేయాలి.