బైబిల్ వాక్యాలన్నీ కంఠతా వచ్చు, ఇంట్లో మాత్రం చెల్లెల్ని కొడతాడు. ఏం చేయాలి?

తొమ్మిదేళ్ల మీ అబ్బాయి సండే స్కూల్‌లో వాక్యాలు గడగడా అప్పజెప్తాడు, ప్రార్థన కూడా చక్కగా చేస్తాడు. ఇంటికొస్తే మాత్రం చెల్లెల్ని కొట్టడం, అడిగితే అబద్ధం చెప్పడం. క్రీస్తు స్వభావం రావాలంటే వాడికి ఇంకా ఏం నేర్పించాలని అడిగారు. ఇద్దరు పిల్లల తల్లిని, సండే స్కూల్‌లో పాఠాలు కూడా చెప్తుంటాను. నా మట్టుకు నేనైతే కొత్త వాక్యాలు కొన్నాళ్లు ఆపేస్తాను. యేసయ్య ఎవరితో ఎలా మాట్లాడారో, ఎవరి ఇంటికి వెళ్లారో, ఎప్పుడు కోప్పడ్డారో వాడు దగ్గరగా చూడాలి. ఎవరో తెలియని మనిషిలా ఎదగమంటే ఏ పిల్లాడు ఎదుగుతాడండీ?

మా ఇంట్లో పనిచేసింది సువార్తలు, అంటే బైబిల్లో యేసయ్య జీవితం చెప్పే నాలుగు పుస్తకాలు, నెమ్మదిగా చదవడం. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఒక్క సంఘటన, అంతే. చదివాక నేను ప్రసంగం చెయ్యను. అలా ఒకరోజు లూకా సువార్త 19వ అధ్యాయంలో పన్నులు వసూలు చేసే జక్కయ్య దగ్గరికొచ్చాం. అన్యాయంగా తీసుకున్నదేమైనా ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తానంటాడు కదా. సరిగ్గా ఆ రోజుల్లోనే మావాడు అక్క స్కెచ్ పెన్ను మూత తీసి ఎక్కడో పారేసి, దాన్ని ఎండబెట్టేశాడు. అందరూ లేచాక మెల్లగా వచ్చి, "అమ్మా, నేను కూడా నాలుగివ్వాలా?" అన్నాడు. నవ్వు ఆపుకుని, "అక్కనే అడుగు" అన్నాను. మా అమ్మాయి తక్కువదా! లెక్కపెట్టి మరీ నాలుగు తీసుకుంది, అందులో వాడికి ప్రాణమైన నీలం రంగు కూడా ఉంది. వాడు ఏడ్చాడు గానీ ఇచ్చాడు. "సారీ చెప్పు" అని నేను మెడలు వంచి ఉంటే ఆ ఒక్క మాటా అనేసి ఆటకి పరిగెత్తేవాడు.

అదే సంఘటనలో ఇంకోటి చూడండి. యేసయ్య జక్కయ్యకి అతని తప్పుల చిట్టా చదవలేదు. ముందు నీ ఇంట్లో ఉంటానన్నారు, నాలుగంతల మాట ఆ తర్వాతే వచ్చింది. మనమేమో "యేసయ్య చూస్తున్నారు, జాగ్రత్త" అని ఆయన్ని పోలీసుని చేసేస్తాం. మీవాడి అబద్ధాల వెనక కూడా ఆ భయం ఉందేమో చూసుకోండి. పిల్లలకి కోపం పుట్టించొద్దని బైబిల్లో ఎఫెసీ 6:4 తండ్రులకి చెప్తుంది, మనసు క్రుంగిపోకుండా చూడమని కొలొస్సీ 3:21 అంటుంది. అలాగని వదిలెయ్యమనడం లేదు. కొడుకులు దారి తప్పుతున్నారని తెలిసీ అడ్డుకోనందుకు పాత నిబంధనలోని యాజకుడు ఏలీ ఇంటి మీదికి దేవుని తీర్పు వచ్చింది. చెల్లెల్ని కొడితే ఆ పూట ఆట బంద్, అందులో బేరం లేదు. కానీ ఆ మాట కేకలెయ్యకుండా చెప్పొచ్చు. నిజం ఒప్పుకున్న రోజున "నిజం చెప్పావు, సంతోషం" అని పైకి అనండి. శిక్ష ఉన్నా సరే, ఆ మాట వాడికి గుర్తుంటుంది.

ఒక్క విషయంలో మాత్రం నాకు చాలామందితో పేచీ. క్రీస్తులాంటి పిల్లలంటే నోరెత్తని పిల్లలని అనుకుంటారు. దేవాలయంలో రూకలు మార్చేవాళ్ల బల్లలు పడదోసింది కూడా ఆయనే కదా! తరగతిలో ఒక పాపని అందరూ ఏడిపిస్తుంటే మా అమ్మాయి అడ్డం పడి గొడవ పెట్టుకొచ్చింది. ఇంటికి ఫిర్యాదు వచ్చినా నేను దాన్ని తిట్టలేదు. ఎదురు ప్రశ్నలూ అంతే. పన్నెండేళ్ల యేసు బోధకుల మధ్య కూర్చుని వింటూ, ప్రశ్నలు అడుగుతూ కనబడ్డారని లూకా 2లో ఉంది. "ప్రార్థన చేసినా తాతయ్య ఎందుకు చనిపోయారు?" అని మీవాడు అడిగితే నోరు మూయించకండి.

మొదలుపెట్టడానికి మార్కు సువార్త తీసుకోండి. నాలుగింటిలోకీ చిన్నది, 16 అధ్యాయాలే, కథ ఆగకుండా పరిగెడుతుంది కాబట్టి ఆ వయసు పిల్లలు విసుక్కోరు. చెల్లెల్ని కూడా పక్కన కూర్చోబెట్టండి. చదివేది వాడే చదవనివ్వండి, తడబడినా మధ్యలో సరిచెయ్యొద్దు. వాడికి నిద్రొస్తే ఆ రోజుకి పుస్తకం మూసెయ్యండి.