ట్రాక్టర్‌లో టేపుకీ లైట్లకీ రెండో బ్యాటరీ ఎలా కలపాలి?

అడిగినాయన ట్రాక్టర్‌కి టేపు, ఆంప్లిఫయరు, వెనక నాలుగు ఎల్‌ఈడీ లైట్లు పెట్టించారట. పొద్దున్నే స్టార్ట్ అవడం లేదట. ఇంకో బ్యాటరీ తెచ్చి ఉన్నదానికి పక్కనే కలిపేస్తే సరిపోతుందా అని ప్రశ్న.

సరిపోదు. నన్నడిగితే నూటికి తొంభై మందికి రెండో బ్యాటరీ అవసరమే లేదు. మన ట్రాక్టర్లలో చాలావాటికి ఆల్టర్నేటర్, అంటే ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించేది, 36 ఆంపియర్ల చుట్టూ ఉంటుంది, అదీ ఇంజను మంచి స్పీడులో ఉన్నప్పుడు. స్లోలో పెట్టి వదిలేస్తే అందులో సగం రావడమే గొప్ప. పక్కన ఎన్ని బ్యాటరీలు పేర్చినా వాటన్నిటికీ ఛార్జింగ్ పెట్టేది అదొక్కటే. సంపాదించేవాడు ఒక్కడే ఉన్న ఇంట్లో తినేవాళ్ళని పెంచుకుంటూ పోవడమే ఇది.

మాది పశ్చిమ గోదావరి డెల్టా. దాళ్వా (రెండో పంట వరి) ఊడ్పుల టైములో కాలువ నీళ్ళు ఎప్పుడొస్తే అప్పుడే దమ్ము, అంటే నీళ్ళు పెట్టి బురద దున్నడం, రాత్రా పగలా అని చూడం. మా మేనత్త కొడుకు, నాకు బావ, ట్రాక్టర్ కిరాయికి తిప్పుతాడు. పాత బ్యాటరీ ఒకటి ఇంట్లో ఊరికే పడి ఉందని సీటు వెనక మడ్‌గార్డు పక్కన సైకిల్ ట్యూబుతో కట్టించాడు. ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్. కలిపింది ఇంటి వైరింగులో మిగిలిన సన్న వైరుతో, అతుకుల దగ్గర మెలిపెట్టి నల్ల టేపు చుట్టేశారు. ఫ్యూజు ఏదని అడిగితే, అది మాటిమాటికీ పోతుంది, మళ్ళీ నా దగ్గరికే వస్తారు అన్నాట్ట ఎలక్ట్రీషియన్. ఫ్యూజు పోతోందంటే ఎక్కడో తేడా ఉందని అర్థం, దాన్ని తీసేస్తే తేడా పోతుందా? ఎగిరిపోయిన ఫ్యూజుకి సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టే మహానుభావులనీ చూశాను. వాళ్ళ గురించి ఇక్కడ మొదలుపెడితే తెల్లారిపోతుంది.

ఒక రాత్రి చేను మధ్యలో ట్రాక్టర్ ఆపి గట్టు మీద భోజనానికి కూర్చున్నాం. ఇంజను ఆపేశాడు గానీ టేపూ వెనక లైట్లూ అలాగే ఉన్నాయి.

"లైట్లన్నా ఆపెయ్ బావా" అన్నాను.

"రెండు బ్యాటరీలున్నాయిరా, దేనికి టెన్షన్?"

తిన్నాక ఇద్దరం ఓ కునుకు తీశాం. మెలకువ వచ్చేసరికి పాటలో డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా శబ్దం తెగిపోతోంది, దాంతోపాటే లైట్లు కుంగి లేస్తున్నాయి. వోల్టేజీ పడిపోయిందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. బావ పరుగున వెళ్ళి తాళం తిప్పాడు. టిక్, టిక్, అంతే. రోడ్డు మీదైతే నలుగురం తోస్తే పని అయిపోయేది. దమ్ము చక్రాలతో మోకాటి లోతు బురదలో ఉన్న బండిని ఎవరు తోస్తారు? నారు పీకి కట్టలు కట్టి ఉంది, తెల్లారితే ఊడ్పు కూలీలు వచ్చేస్తారు.

బండేసుకుని ఊళ్ళోకి వెళ్ళి మా ట్రాక్టర్ బ్యాటరీ ఊడదీసి తెచ్చాం. రోడ్డు నుంచి చేలోకి గోనెసంచి వేసుకుని భుజం మీద మోసింది నేనే. గట్టు మీద కాలు జారినప్పుడు మూత సందులోంచి యాసిడ్ చొక్కా మీద కారింది. అప్పుడేం తెలియలేదు. ఉతికాక భుజం దగ్గర బట్ట జల్లెడైంది.

కేబుళ్ళు తగిలించగానే ఇంజను అందుకుంది. అసలు కథ అప్పుడు మొదలైంది. ఖాళీ అయిపోయిన ఆ పాత బ్యాటరీ ఒక్కసారిగా కరెంటు లాగడం మొదలుపెట్టింది. లాగుతున్నదేమో ఆ సన్న వైరులోంచి. ముందు ప్లాస్టిక్ కాలుతున్న కమురు వాసన, తర్వాత నల్ల టేపు జారి పొగ. బావ కొడవలితో వైరు తెంపాడు. కొడవలి మడ్‌గార్డుకి తగిలి నిప్పులు రాలాయి. అక్కడికి మూరెడు దూరంలో బ్యాటరీ. ఛార్జింగ్ అయ్యే బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది, దాని దగ్గర నిప్పురవ్వ పడితే బ్యాటరీ పేలుతుంది. ఆ రోజు మాకేం కాలేదంటే అదృష్టమే.

ఇప్పుడు లెక్క చూడండి. వెనక లైట్లు నిజంగా ఒక్కోటి 20 వాట్లనుకుంటే నాలుగూ కలిపి 80. హెడ్‌లైట్లు రెండూ 110. ఆంప్లిఫయరు సగటున ఓ 100. మొత్తం 290 వాట్లు, 12 వోల్టుల మీద సుమారు 24 ఆంపియర్లు. దమ్ములో ఇంజను గట్టిగా తిరుగుతున్నంతసేపూ ఆల్టర్నేటర్ దీన్ని మోసేస్తుంది, రెండో బ్యాటరీతో పనే లేదు. ఇంజను ఆపి పాటలు వింటామంటేనే చిక్కు. 75 ఆంపియర్-అవర్ (గంటకో ఆంపియర్ చొప్పున లాగితే 75 గంటలు వచ్చే) బ్యాటరీ మీద పది ఆంపియర్లు లాగితే మూడు నాలుగు గంటల్లో సగానికి వచ్చేస్తుంది. స్టార్టింగ్ బ్యాటరీ ప్లేట్లు పల్చగా ఉంటాయి, అలా పదేపదే ఖాళీ చేస్తే త్వరగా పాడవుతాయి. (లైట్ల మీద రాసే 300 వాట్లు నమ్మకండి. అరచేతిలో పట్టే లైటు నిజంగా అంత తింటే చెయ్యి పెట్టలేనంతగా కాలాలి.)

లేదు, ఇంజను ఆపాక కూడా కావాల్సిందే అంటారా, అయితే రెండో బ్యాటరీ పెట్టుకోండి. కానీ ఇంజను ఆగగానే అది మొదటిదాన్నుంచి విడిపోవాలి. దానికి మధ్యలో రిలే కావాలి, అంటే చిన్న కరెంటు ఇస్తే తనంతట తనే కలిసే, ఆపితే విడిపోయే స్విచ్. టేపూ అదనపు లైట్లూ రెండోదాని మీదే ఉండాలి, స్టార్టింగ్ బ్యాటరీ జోలికి ఏదీ వెళ్ళకూడదు.

రిలేలో 30, 87 అని రాసి ఉన్న కాళ్ళకి రెండు బ్యాటరీల ప్లస్‌లు. 85 బాడీ ఎర్తుకి. రిలేని కలిపే కరెంటు 86కి ఎక్కణ్నుంచి ఇస్తారన్నదే ముఖ్యం. చాలామంది తాళం వైరుకి ఇస్తారు. అలా ఇస్తే తాళం తిప్పగానే రిలే కలిసిపోతుంది, స్టార్టర్ లాగే కరెంటులో కొంత ఈ వైరులోంచీ పోతుంది, రిలే కాంటాక్టులు మాడిపోతాయి. ఛార్జింగ్ లైటు వైరు, అంటే ఆల్టర్నేటర్ మీద డి ప్లస్ (D+) అని ఉండేదాన్నుంచి ఇవ్వండి. ఛార్జింగ్ మొదలైతేనే కలుస్తుంది. హారన్‌కి వాడే చిన్న రిలే కాకుండా 70 ఆంపియర్లది తీసుకోండి. పాత స్టార్టర్ సోలినాయిడ్ (తాళం తిప్పినప్పుడు స్టార్టర్‌కి కరెంటు కలిపేది) ఉంది కదా, దాన్నే పెట్టేద్దాం అనే తెలివి వద్దు. అది కొన్ని సెకన్లు పనిచేయడానికి చేసింది, గంటలకొద్దీ పట్టి ఉంచితే కాలిపోతుంది.

వైరు 6 స్క్వేర్ ఎంఎం రాగిది, 40 ఆంపియర్ల ఫ్యూజుతో. ఇంటి వైరింగులో వాడే ఒకటిన్నర స్క్వేర్ వైరు మూడు మీటర్లు లాగి, ఎర్తు కూడా దానితోనే ఇస్తే, 20 ఆంపియర్లకి రానూపోనూ దగ్గర దగ్గర వోల్టున్నర దారిలోనే పోతుంది. ఆరు స్క్వేర్‌లో పోయేది వోల్టులో మూడో వంతే. ఫ్యూజు ఒకటి చాలదు. ఈ వైరుకి రెండు వైపులా బ్యాటరీ ఉంది కాబట్టి రెండు ప్లస్‌ల దగ్గరా, జానెడు దూరం దాటకుండా, చెరొకటి ఉండాలి. ఎర్తు పెట్టేచోట పెయింట్ గీకి, వైరు చివర లగ్గు (బోల్టు పట్టే రింగు) వేసి బోల్టు బిగించి, పైన వాసలీన్ రాయండి. పని మొదలుపెట్టేముందు మైనస్ ముందు విప్పండి. ప్లస్ ముందు విప్పబోతే స్పానర్ బాడీకి తగిలి ఏమవుతుందో కొడవలి కథలో చూశారు. బ్యాటరీని ఇనుప క్లాంపుతో బిగించండి, సైకిల్ ట్యూబుతో కాదు. ఇంట్లో పాత ఇన్వర్టర్ బ్యాటరీ ఉందని తెచ్చి పెట్టకండి. ఇంట్లో మూలన కదలకుండా ఉండటానికి చేసింది దుక్కిలో కుదుపులకి ఎన్నాళ్ళుంటుంది?

ఇంకొక్క మాట, ప్రశ్నకి సంబంధం లేకపోయినా. పొలంలో వేసుకునే వెనక లైట్లకి వేరే స్విచ్ పెట్టి, రోడ్డెక్కగానే ఆపండి. వెనక వచ్చేవాడి కళ్ళల్లోకి కొడుతూ పోతుంటారు. ఇంకో రకం వాళ్ళు ఇంకా ఘోరం. టేపుకీ బాక్సులకీ వేలు పోస్తారు, ధాన్యం ట్రక్కు (ట్రాక్టర్‌కి తగిలించే ట్రైలర్) వెనక మాత్రం ఎర్ర లైటు ఉండదు, రిఫ్లెక్టర్ స్టిక్కర్ కూడా ఉండదు. పొగమంచు రోజుల్లో ఆగి ఉన్న ట్రక్కుని బైకువాడు గుద్దేదాకా చూసుకోడు. రెండో బ్యాటరీకి దాచిన డబ్బులుంటే ముందు ట్రక్కుకి రెండు టెయిల్ లైట్లు, ట్రాక్టర్ నుంచి వాటికి కరెంటు అందే ఒక ఏడు పిన్నుల సాకెట్ వేయించండి. మిగిలితే అప్పుడు పాటల సంగతి చూద్దాం.