ఏఎస్సీలో చేరుతున్న మా చిన్నికి

చిరంజీవి చిన్నికి పెద్దనాన్న ఆశీస్సులు.

నీకు ఆర్మీ సర్వీస్ కోర్ (ఏఎస్సీ), అంటే సైన్యానికి తిండి, ఇంధనం చేర్చే విభాగం, వచ్చిందని తెలిసినప్పటి నుంచి మల్కాజిగిరిలో మీ ఇంటికొచ్చే చుట్టాలంతా ఒకటే మాట అంటున్నారట: "బియ్యం, పప్పుల ఉద్యోగమా!" ఆ మాట నీ మనసులో నాటుకోకముందే ఈ ఉత్తరం రాయాలనిపించింది. ఆఫీసర్ల శిక్షణ అకాడమీ (ఓటీఏ)లో ఎలాగూ నేర్పినవి వదిలేసి, డిపోలో అడుగుపెట్టాక పనికొచ్చేవే రాస్తున్నా.

లడఖ్‌కు రోడ్డు మీద సామాను రెండు వైపుల నుంచి పోతుంది. శ్రీనగర్ వైపు జోజీలా కనుమ, మనాలి వైపు బారాలాచా కనుమ. 2020 అక్టోబరులో అటల్ టన్నెల్ తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ దాటే బాధ తప్పింది కానీ, దాని అవతల బారాలాచా 16,000 అడుగుల ఎత్తున అలాగే ఉంది, మంచు పడితే మూతే. అందుకే ఎండాకాలంలోనే చలికాలం సరుకంతా పైకి చేర్చాలి. అడ్వాన్స్ వింటర్ స్టాకింగ్ అంటే అదే. గల్వాన్ లోయలో చైనాతో ఘర్షణ జరిగాక, అదే 2020లో, వేలాది అదనపు జవాన్లకు ఈ పనంతా మళ్లీ మొదటి నుంచి, కొద్ది నెలల్లోనే చేయాల్సి వచ్చింది.

ఒక లెక్క చెబుతాను, కాగితం మీద వేసి చూడు. ఒక పోస్టులో ఇరవై మంది, దారి 180 రోజులు మూత అనుకో. తలకు రోజుకు అర లీటరు కిరోసిన్ చొప్పున 1,800 లీటర్లు, అంటే 20 లీటర్ల జెర్రీక్యాన్లు 90. వాటిలో పదింటికొకటి మూత దగ్గర కారి ఖాళీ అయిందనుకో. లెడ్జర్‌లో మాత్రం 90 అనే ఉంటుంది. పైన మాత్రం తొమ్మిది క్యాన్లు, 180 లీటర్లు పోయాయి. అంటే ఇరవై మందికి పద్దెనిమిది రోజుల పాటు స్టవ్ లేదు, కరిగించుకోవడానికి మంచు చుట్టూ ఉన్నా తాగడానికి నీళ్లు లేవు. ఒక రబ్బరు వాషరు పాడైతే జరిగేది ఇది బిడ్డా. ఇక బియ్యం, పప్పుల ఉద్యోగమో కాదో నువ్వే చుట్టాలకు చెప్పు.

అందుకే నా మొదటి మాట: చేత్తో తాకనిదే సంతకం పెట్టకు. నింపిన క్యాన్ల వరుసలో మధ్యలోంచి నాలుగు తీయించి తలకిందులుగా పెట్టించు, కాసేపు అక్కడే నిలబడు. కింద నేల తడిస్తే లాటంతా వెనక్కి పంపు. వరుస ముందున్న క్యాన్లు ఎప్పుడూ బాగానే ఉంటాయి, చూపించడానికే అక్కడ పెడతారు. టిన్నుల మీద తేదీ నువ్వే చదువు, మూత ఉబ్బిన టిన్ను ఒక్కటి దొరికినా పెట్టె మొత్తం విప్పించు. డీజిల్ ఏ రకమో అడుగు. మామూలు డీజిల్ లడఖ్ చలికి చిక్కబడి బండి కదలదు. అందుకే 2019లో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని వింటర్ గ్రేడ్ డీజిల్ తెచ్చింది.

ఫ్రెష్ రేషన్ కాంట్రాక్టర్ల విషయంలో మెత్తబడకు. సీలు వేసిన శాంపిల్ పక్కన పెట్టుకుని, వచ్చిన కూరగాయలు, మాంసం దానితో పోల్చి చూడు. తూకం నీ కళ్ల ముందు వేయించు. దీపావళికి మిఠాయి డబ్బా పంపినా గేటు దగ్గర్నుంచే తిప్పి పంపు. తర్వాత సరుకు వెనక్కి పంపాల్సిన రోజున ఆ డబ్బా గొంతుకు అడ్డం పడుతుంది. నువ్వు వద్దన్న లారీని తీసుకొమ్మని పైనుంచి ఎవరైనా అడిగితే, మర్యాదగా, రాతపూర్వకంగా ఇవ్వమని అడుగు.

మనుషుల సంగతికొస్తే, మొదటి రెండేళ్లు నీకు గురువు సుబేదార్ సాబ్. ఆయన ముందు కుర్చీలో కూర్చొని ఆర్డర్లు వేయకుండా గోదాములో ఆయన వెంట తిరుగు. కాన్వాయ్ కదిలే ముందు బండ్ల టైర్లు, చెయిన్లు చూడటం అందరూ చేస్తారు. డ్రైవర్లు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో ఒక్కొక్కరినీ అడుగు. ఘాట్ రోడ్డులో బండి లోయలో పడకుండా ఆపేది ఆ నిద్రే. కింద నుంచి కొత్తగా వచ్చిన కుర్రాళ్లను ఎత్తుకు అలవాటు చేసే ఆరు రోజులు, నాలుగు రోజులు, మళ్లీ నాలుగు రోజుల క్రమాన్ని ఎంత తొందరున్నా కుదించనివ్వకు.

ప్రమోషన్ల గురించి ఎక్కువ ఆలోచించకు. రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కల్నల్ కాలంతో పాటు వస్తాయి, మధ్యలో పార్ట్ బి, పార్ట్ డి పరీక్షలు పాసైతే చాలు. కల్నల్ నుంచే సెలక్షన్ బోర్డు ఎంపిక, అక్కడి నుంచి మెట్లు ఇరుకు. నీది షార్ట్ సర్వీస్, అంటే కొన్నేళ్లకే పరిమితమైన ఉద్యోగం, కాబట్టి నీకు ఇంకో మాట. 2020 ఫిబ్రవరి సుప్రీంకోర్టు తీర్పుతో రిటైర్మెంట్ దాకా కొనసాగే పర్మనెంట్ కమిషన్ దారి మీ ఆడపిల్లలకూ తెరుచుకుంది, కానీ బోర్డు ముందుకొచ్చేది నీ పాత రిపోర్టులే. మొదటి ఏడాది రిపోర్టు కూడా అందులో ఉంటుంది, అప్పుడే జాగ్రత్తపడు. మేజర్ కాగానే వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ పరీక్షకు కూర్చో. పిల్లలు పుట్టాక చూద్దాం అనుకుంటే చదువుకు తీరిక దొరకడం కష్టం.

సికింద్రాబాద్ పోస్టింగ్ కోసం ఎవరినీ అడగకు. ఇల్లు దగ్గరని మీ నాన్న ఒత్తిడి చేస్తాడు, నేను సర్దిచెబుతాను. ముందు ఎత్తైన చోటికి, కష్టమైన చోటికి పో. పదాతి దళంతో కొన్నాళ్లు ఉండే అవకాశమొస్తే అస్సలు వదలకు, నువ్వు పంపే సరుకు తినేవాళ్ల మధ్య బతికితేనే ఇండెంటు, అంటే వాళ్లు సరుకు కోసం పంపే చిట్టా, చదవడం వస్తుంది. కల్నల్ అయ్యాక ఎలాగూ ఇక్కడి కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్‌కు రావచ్చు. సైనిక్‌పురిలో మా ఇంటికి దగ్గరే, అప్పుడు పెద్దమ్మ చేతి భోజనం రోజూ తినొచ్చు.

లెడ్జర్ల గురించి, పద్ధతుల గురించి ఏ అనుమానమొచ్చినా ఫోన్ చెయ్యి. ఎక్కడున్నావు, డిపోలో ఎంత నిల్వ ఉంది, కాన్వాయ్ ఎప్పుడు కదులుతుంది అన్నవి మాత్రం నాకు కూడా చెప్పకు, వాట్సాప్‌లో ఫొటో కూడా పెట్టకు.

మీ పెద్దనాన్న
సైనిక్‌పురి, సికింద్రాబాద్