ల్యాడర్ మీద కాళ్ళు ఆడుతున్నాయి, రైడ్‌లో మాత్రం దొరికిపోతున్నారు

మూడు నెలలుగా రోజూ ల్యాడర్ (నేల మీద పరిచి గళ్ళలో అడుగులేయించే పట్టీల నిచ్చెన), కోన్లు చేయిస్తున్నా మీ కాలేజీ కబడ్డీ కుర్రాళ్ళు మ్యాచ్‌లో చురుగ్గా కదలట్లేదని, ఎజిలిటీ ప్రాక్టీసు ఎలా వేసుకోవాలని అడిగారు కదండీ. ఇదే తప్పు నేను రెండు సీజన్లు చేశాను.

గాజువాక వైపు సాయంత్రాలు కబడ్డీ నేర్పేవాణ్ణి. ఒక కుర్రాడు ల్యాడర్ మీద అడుగులేస్తే కుట్టుమిషను సూది ఆడినట్టుండేది. అదే కుర్రాడు మ్యాచ్‌లో ఎడమ కార్నర్‌కి, అంటే ఎడమ చివర నిలబడే డిఫెండర్‌కి, చీలమండ అప్పజెప్పేసేవాడు. నేలచూపులు చూస్తూ అడుగులేయడం నేర్పాను మరి! ల్యాడర్ గళ్ళు కదలవు, డిఫెండర్ కదులుతాడు. ముందే తెలిసిన చోట మలుపు తిరగడం వేరు, ఎదుటివాణ్ణి చూసి తిరగడం వేరు. ఎజిలిటీ అంటే రెండోదే.

ముందు ఆగడం నేర్పండి. 5 మీటర్లు పరిగెత్తి రెండు మూడు అడుగుల్లో ఆగాలి, నడుం కిందికి దిగాలి, మోకాలు లోపలికి ఒరగకూడదు. అది కుదిరాక ఇద్దర్ని ఎదురెదురుగా పెట్టి, ఒకడు ఎటు కదిలితే రెండోవాడు అటే కదలాలి. 6 సెకన్లు చాలు.

మాకు బాగా పనిచేసింది మాత్రం ఇది: ఒక రైడర్, ఇద్దరు కార్నర్లు. నేను రైడర్ వెనక నిలబడి వేళ్ళతో సైగ చేస్తాను. ఒక వేలంటే ఎడమవాడు పట్టుకు వస్తాడు, రెండంటే కుడివాడు, పిడికిలి బిగిస్తే ఎవడూ రాడు. రైడర్‌కి ఏదీ తెలీదు. అసలు రైడ్ 30 సెకన్లయినా ఇక్కడ 10 లోపే టచ్ చేసి మిడ్ లైన్ దాటాలి. తర్వాత కనీసం నిమిషం విశ్రాంతి. వార్మప్ అవగానే, ఒళ్ళు తాజాగా ఉన్నప్పుడే, 15-20 నిమిషాలు, వారానికి రెండుసార్లు. అడుగు మందగిస్తే ఆపేయండి. మన వైజాగ్ ఉక్కపోతలో అది తొందరగానే వస్తుంది.

ఆర్కే బీచ్ ఇసకలో పరిగెత్తిస్తే చాలనేవాళ్ళున్నారు. దమ్ముకీ పిక్కలకీ మంచిదే. కానీ ఇసకలో పాదం కూరుకుపోతుంది, మ్యాట్ మీద కావాల్సింది తగిలీ తగలగానే లేచే పాదం.

ఆ కుట్టుమిషను కుర్రాడు ఐదారు వారాలకి ఓ రోజు, "సార్, ఆడి చేతులు సూడకూడదండి, నడుం సూడాల" అన్నాడు. అది నేను చెప్పింది కాదు.

ల్యాడర్ పారేయకండి, వార్మప్‌లో ఐదు నిమిషాలకి పనికొస్తుంది. మాదైతే ప్రస్తుతం స్కూటర్ వెనక కిట్ బ్యాగు కట్టడానికి వాడుతున్నాం.