నకలు తీయకూడదన్న షరతుతో ప్రోటోటైప్ క్యాసెట్టును అమ్మవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. అమెరికాలో ఉండే మీ బావగారు అక్కడ ఒక గరాజ్ సేల్‌లో పాత వీడియో గేముల పెట్టె కొన్నారు. అందులో బొమ్మగాని పేరుగాని లేని క్యాసెట్టు ఒకటి ఉంది. డొప్ప విప్పి చూస్తే పచ్చని బోర్డు మీద గాజు కిటికీలున్న చిప్పులు, వాటిపై చేతిరాత చీటీలు కనిపించాయి. అది మార్కెట్‌కు రాకుండా ఆగిపోయిన ఆట తాలూకు ప్రోటోటైప్ (విడుదలకు ముందటి పరీక్ష నమూనా) అని ఫోటోలు చూసి గుర్తించిన ఒక సేకర్త రెండున్నర లక్షల రూపాయలు ఇస్తానన్నారు. అయితే లోపలి ప్రోగ్రాముకు ఇంతవరకు ఎవరూ నకలు తీసి ఉండకూడదని, ఇకముందు మీరు తీయకూడదని షరతు పెట్టారు. ఇప్పుడు ఒంగోలులో మీ బీరువాలో ఉన్న ఆ క్యాసెట్టును ఈ షరతు మీద అమ్మడం న్యాయమేనా అని అడిగారు.

అమ్మడం తప్పు కాదు, ఆ షరతుకు ఒప్పుకొని అమ్మడం తప్పు అని నా అభిప్రాయం. ఒకప్పుడు సరిగ్గా ఇటువంటి షరతుకే ఒప్పుకొని అమ్మినవాణ్ణి కాబట్టి కొంత వివరంగా రాస్తున్నాను.

న్యాయాన్యాయాల కంటే ముందు ఒక తొందర మాట చెప్పాలి. మేడ మీద ఎండలో పెట్టి ఫోటోలు తీశామని రాశారు. దయచేసి మళ్ళీ ఆ పని చేయకండి. ఆ గాజు కిటికీ ఉన్న చిప్పులను ఈప్రామ్ అంటారు. అతినీలలోహిత కాంతి లోపలికి పోయి, రాసిన ప్రోగ్రామును చెరిపివేయడానికే ఆ కిటికీ పెట్టారు. ఆట తయారు చేసేవారు ఈ వారం రాసినదాన్ని చెరిపి వచ్చే వారం కొత్తది రాసుకునేవారు. కిటికీ మూయకుండా నేరుగా ఎండలో వదిలేస్తే సుమారు వారం రోజుల్లోనూ, ట్యూబ్‌లైటు వెలుగులో వదిలేస్తే సుమారు మూడేళ్ళలోనూ చిప్పు చెరిగిపోవచ్చునని తయారీదారుల పత్రాల్లోనే ఉంటుంది. మీరు పెట్టినది ఐదు నిమిషాలే కాబట్టి భయపడనక్కరలేదు. కాని పైనున్న చీటీలు అందం కోసం అంటించినవి కావు, వాటిని పీకవద్దు. చీకట్లో పెట్టినా చిప్పులో నిలిచి ఉన్న విద్యుదావేశం ఏళ్ళు గడిచేకొద్దీ నెమ్మదిగా కారిపోతూనే ఉంటుంది. అంటే మీ ప్రశ్నకు గడువు ఉంది.

ఇక నా సంగతి. మాది కావలి. తొంభైల్లో మా మేనమామ ట్రంకు రోడ్డు పక్కన రెండు టీవీలు పెట్టి, గంటకు ఇంత అని తీసుకొని పిల్లల చేత గేములు ఆడించేవారు. క్యాసెట్టు పని చేయకపోతే దాని మూతిలో ఊది మళ్ళీ గుచ్చడం అక్కడ నేర్చుకున్న మొదటి విద్య. (అది తప్పుడు విద్య అని, నోటి తేమకు రాగి కాళ్ళు తుప్పు పడతాయని చాలా ఆలస్యంగా తెలిసింది.) ఆ పిచ్చితోనే 2007లో హైదరాబాద్ వెళ్ళి, విదేశీ సంస్థల ఆటలను విడుదలకు ముందు పరీక్షించి తప్పులు పట్టే ఒక చిన్న కంపెనీలో చేరాను. 2009 చివర అది మూతపడింది. రెండు నెలల జీతం బాకీ పడి, చేతిలో డబ్బు లేదని, ఆఫీసులో ఏది కావాలంటే అది తీసుకుపొమ్మన్నారు. కొందరు కుర్చీలు తీసుకెళ్ళారు. నేను పరీక్ష ప్రతులు రాసిన ఇరవై మూడు డిస్కులున్న ఒక సంచి తెచ్చుకున్నాను. వాటిలో రెండింటి మీద, విడుదల కాకుండా ఆపేసిన ఒక పిల్లల ఆట రెండు వేర్వేరు తేదీల ప్రతులు ఉన్నాయి.

2016లో విదేశీ సేకర్త ఒకాయన ఆ రెంటిలో తాజా ప్రతికి నలభై వేలు ఇస్తానని, నకలు తీయకూడదని అన్నాడు. అప్పుడు ఇంట్లో డబ్బు అవసరం ఉంది, రెండో ప్రతి ఎలాగూ నా దగ్గర ఉందన్న ధీమా కూడా ఉంది. కొరియర్ చేసి డబ్బు తీసుకున్నాను. కొన్ని వారాలకే ఆ డిస్కు ఫోటో బయటకు వచ్చింది. దాని మీద మార్కరుతో రాసిన నా సహోద్యోగి పూర్తి పేరు, విదేశీ సంస్థ మా బృందానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్య స్పష్టంగా కనిపిస్తున్నాయి. పరీక్షకు పంపే ప్రతులను ఎవరు బయటపెట్టారో పట్టుకోవడానికే అటువంటి గుర్తులు వేస్తారు. ఆయన అప్పటికి మరో పెద్ద గేమ్ సంస్థలో పని చేస్తున్నారు. రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేసి, 'ఏమయ్యా, నా ఉద్యోగంతో ఆడుకున్నావే' అన్నారు. ఉద్యోగం పోలేదు గాని, ఆ పలకరింపు అక్కడితో ఆగిపోయింది.

అంతకంటే బాధ పెట్టినది తరువాత జరిగింది. ఆ ఆటలో అడవి, వాగు, పల్లె వంటి నేపథ్యాలన్నీ గీసినది అద్దంకి ప్రాంతానికి చెందిన ఒక పెద్దాయన. మేమంతా ఆయనను అన్నా అనేవాళ్ళం. 2019లో ఆయన వేరే ఉద్యోగానికి దరఖాస్తు చేసుకుంటూ, 'రెండేళ్ళ పని చూపించడానికి ఒక్క తెర బొమ్మ కూడా లేదు, నీ దగ్గర ఆ డిస్కు ఉందటగా' అని అడిగారు. ఉన్న రెండో డిస్కును కంప్యూటర్లో పెడితే చదవలేదు. రాసుకునే డిస్కుల్లో సమాచారం నిలిచేది పలుచని రంగు పొర మీద. వేడికి, తేమకు, వెలుతురుకు ఆ పొర పాడవుతుంది, మా కావలి ఉప్పుగాలి, ఉక్కపోత సంగతి మీకు చెప్పనక్కరలేదు. అంచు దగ్గర పొర రంగు వెలిసి కనిపిస్తూనే ఉంది. అమ్మిన డిస్కు కోసం సేకర్తకు రాస్తే, దాన్ని ఇంకొకరికి అమ్మేశానని, కొన్నవారి వివరాలు చెప్పనని జవాబు వచ్చింది. ఆనాడు అరగంట కూర్చొని నకలు తీసి ఉంటే అన్నకు ఈ గతి పట్టేది కాదు. నలభై వేలకు నేను డిస్కు ఒక్కటే అమ్మాననుకున్నాను.

సేకర్తలందరూ చెడ్డవారని నా ఉద్దేశం కాదు. కంపెనీలు చెత్తబుట్టలో వేసినవాటిని డబ్బు పెట్టి, ఇంట్లోవాళ్ళ చేత చీవాట్లు తిని దాచినవారు వాళ్ళే. వారు లేకుంటే చాలా ఆటల ఆనవాళ్ళే మిగిలేవి కావు. వారి భయం ఏమిటంటే, లోపలి ప్రోగ్రాము అందరికీ దొరికితే తమ వస్తువు ధర పడిపోతుందని. ఇది పూర్తిగా నిరాధారమని అనలేను, నకలు బయటకు రాని ప్రోటోటైపులకు ఎక్కువ పలుకుతుందన్నది నిజమే. అయితే వస్తువుకు తనదైన విలువ ఒకటి ఉంటుంది. సోనీ, నింటెండో కలిసి తొంభైల మొదట్లో చేసి వదిలేసిన గేమ్ యంత్రం నమూనా ఒకటి, 2009లో అమెరికాలో దివాలా తీసిన ఒక కంపెనీ సామాను వేలంలో ఇతర వస్తువులతో కలిపి సుమారు 75 డాలర్లకు ఒకరి చేతికి వచ్చింది. దాన్ని వారు ఊరూరా ప్రదర్శనలకు తిప్పారు, ఒక హార్డ్‌వేర్ నిపుణుడు అందరూ చూసే వీడియోలో దాన్ని విప్పి మరమ్మతు చేశాడు. దాచిన రహస్యమంటూ ఏమీ మిగలని ఆ యంత్రమే 2020 మార్చి వేలంలో 3,60,000 డాలర్లు పలికింది. అది ఎక్కడ నుంచి ఎలా వచ్చిందో చెప్పగలగడం కూడా ఆ ధరకు ఒక కారణమని నేననుకుంటాను. మీ బావగారు కొన్న ఇంటివారు ఎవరు, వారి కుటుంబంలో ఎవరైనా ఆటల కంపెనీలో పని చేశారా అన్నది ఇప్పుడే కనుక్కొని రాసి పెట్టుకోమనడం అందుకే. దొంగిలించిన వస్తువని తేలితే మాత్రం నకలు సంగతి, ధర సంగతి పక్కన పెట్టి, హక్కుదారులకు తిరిగి ఇచ్చే మార్గం చూడాలి.

వస్తువు ఒకరిది, అందులోని రాత నకలు అందరిదీ కావడం మనవాళ్ళకు కొత్తేమీ కాదు. బ్రౌన్ దొర కడపలో ఉండగా తాటాకు ప్రతులు ఎక్కడెక్కడి నుంచో తెప్పించి, పండితులకు సొంత డబ్బు ఇచ్చి నకళ్ళు రాయించి, ఒకదానితో ఒకటి పోల్చి చూసేవాడు. నకళ్ళు రాయించకుండా ఆ తాటాకులను అటకల మీదే వదిలేసి ఉంటే, అందులో ఎన్ని చెదల పాలయ్యేవో ఊహించుకోండి. గేముల్లోనూ ఇటువంటి ఏర్పాటు జరిగింది. నింటెండో వారి మదర్ అనే జపనీస్ ఆటకు ఎర్త్‌బౌండ్ పేరుతో చేసి ఆపేసిన ఇంగ్లీషు ప్రోటోటైప్ ఒకటి దొరికినప్పుడు, 1998లో అభిమానులు 400 డాలర్లు పోగు చేసి యజమానికి ఇచ్చి, నకలు మాత్రం తీసుకున్నారు. క్యాసెట్టు ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆ నకలు పదిహేడేళ్ళు చేతులు మారుతూ తిరిగిన తరువాత, 2015లో నింటెండోయే ఆ ఆటను ఇంగ్లీషులో అధికారికంగా విడుదల చేసింది. 1995లో పూర్తి చేసి ఆపేసిన స్టార్ ఫాక్స్ 2 విషయంలోనూ ప్రోటోటైపుల నకళ్ళు ముందే తిరిగాయి, 2017లో అసలు ఆట బయటకు వచ్చింది. నకళ్ళ వల్ల హక్కుదారుకు మార్కెట్ పోలేదు సరికదా, మరిచిపోయిన ఆటకు అడిగేవాళ్ళు మిగిలారు.

చట్టం మాట కూడా చెప్పాలి. క్యాసెట్టు మీదైనంత మాత్రాన ఆట మీది కాదు, దాని కాపీరైట్ తయారు చేసిన సంస్థదే. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంప్యూటర్ ప్రోగ్రాము ప్రతిని చట్టబద్ధంగా కలిగి ఉన్న వ్యక్తి, అది పోకుండా, పాడవకుండా తాత్కాలిక రక్షణ కోసం బ్యాకప్ తీసుకోవచ్చు. ఇక్కడ 'చట్టబద్ధంగా' అన్న మాట గమనించండి, వస్తువు ఎలా వచ్చిందో రాసి పెట్టుకోమన్నదానికి ఇది రెండో కారణం. తీసిన నకలును ఇంటర్నెట్‌లో పెట్టడం వేరే పని. దాన్ని నేను సలహాగా ఇవ్వను. 2017లో అమెరికాలో ఏర్పడిన వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వంటి పరిరక్షణ సంస్థకు రాసి, వారు ఎలా తీసుకుంటారో అడగడం మేలు. మిగిలిన ఇరవై ఒక్క డిస్కుల్లో చదవగలిగిన పద్నాలుగింటికి నేను నకళ్ళు తీసి, రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో ఉంచాను. మనుషుల పేర్లున్న చోట్ల ఫోటోల్లో నల్లగీత వేశాను.

మీ సేకర్త షరతులో ఒక తమాషా ఉంది. పాత చిప్పులు కొని, ఇదివరకే బయటకు వచ్చిన ఆటను వాటిలో రాసి, చేతిరాత చీటీ అంటించి ప్రోటోటైప్ అని అమ్మే మోసాలు ఈ రంగంలో ఉన్నాయి. లోపలిది చదివి, తెలిసిన ప్రతులతో పోల్చి చూస్తే తప్ప అసలో నకిలీయో తేలదు. చదవకుండా అమ్మితే, అందులో ఏముందో అమ్మే మీకూ తెలియదు, కొనే ఆయనకూ తెలియదు. చిప్పు ఇప్పటికే సగం చెరిగి ఉంటే రెండున్నర లక్షల తగాదా ఎవరి నెత్తిన పడుతుంది? కాబట్టి ఆయనకు ఇలా రాయండి: క్యాసెట్టు అమ్ముతాము, అమ్మే ముందు నకలు తీసి ఒక పరిరక్షణ సంస్థకు అప్పగిస్తాము, మీరు కోరితే కొంతకాలం దాన్ని బహిరంగం చేయవద్దని వారికి చెబుతాము. రెండున్నర లక్షలు లక్షన్నర కావచ్చు, అసలు బేరమే తప్పిపోవచ్చు. అది చిన్న మొత్తం కాదని నాకు తెలుసు. కాని అంతకు మించి మెత్తబడవద్దని నా మనవి.

చిప్పులు చదివే పరికరం నా దగ్గర ఉంది. బోర్డు నుంచి ఏదీ ఊడదీయకుండానే చాలావరకు పని జరుగుతుంది. ఏ ఆదివారమైనా కావలి రాగలిగితే మీ ఎదుటే చదివి, ప్రతిని మీకే ఇస్తాను. ఈలోగా దాన్ని ఏ పాత యంత్రంలోనూ పెట్టి ఆడించి చూడకండి, వచ్చేటప్పుడు క్యాసెట్టును నల్లకాగితంలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి తీసుకురండి.